పత్యం పెట్టిన చెయ్యి

మార్చి 4, 1983

నా రాతలో తప్పులు చాలా ఉంటాయి. అక్షరాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతాయి. ఐదో తరగతి మధ్యలో బడి మానేసిన దాన్ని. ఎవరి కంటనైనా పడితే మన్నించాలి. పడకూడదనే రాస్తున్నాను.

ఈ డైరీ ఆయనకు డిపోలో ఇచ్చారు. అట్ట మీద బస్సు బొమ్మ ఉంది. "టికెట్లు చింపుడు తప్ప నాకేం రాసేదున్నది, నువ్వే రాసుకో" అని నా ఒళ్లో పడేశాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరు. ఇప్పుడు డ్యూటీకి పోవడం లేదు.

రెండు కిడ్నీలూ చెడిపోయాయని దీపావళి ముందర తెలిసింది. పోయిన నెల నుంచి మిషన్ మీద పెడుతున్నారు. మంగళవారం, శుక్రవారం. తెల్లారి పెద్ద దవాఖానకు పోతే ఇంటికి వచ్చేసరికి దీపాలు పెడతారు. ఎడమ చేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు, మిషన్ సూదులు అక్కడ గుచ్చుతారు. ఆ చోట చెయ్యి ఆనిస్తే పిల్లి గురక పెట్టినట్టు అదురుతుంది. మొదటిసారి భయపడి చెయ్యి లాక్కున్నాను. ఇప్పుడు రోజూ ఒకసారి ఆనించి చూస్తాను. అది అదురుతుంటే మిషన్ నడుస్తుంది. మిషన్ నడిస్తే ఆయన ఉంటాడు. నాకు తెలిసింది అంతే.

మార్చి 8

ఆయన పత్యం నా చేతిలో ఉంది. ఉప్పు లేదు. పప్పు లేదు. గుడ్డు, మాంసం లేవు. పాలు, పెరుగు లేవు. అరటిపండు, కొబ్బరినీళ్ల పేరు కూడా ఎత్తకూడదు. కూరగాయలు సన్నగా తరిగి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లలో వండాలి. తాగడానికి రోజంతా కలిపి ఒక్క రాగి చెంబు. జబ్బు కనిపెట్టిన మొదటి డాక్టరు, మిషన్ లేనప్పుడు, చలికాలంలో చెప్పింది ఇదంతా. ఒక్కటి కూడా తప్పలేదు నేను.

మాది పాలవాళ్ల ఇల్లు. కొట్టంలో బర్రెలున్నాయి. పొద్దున్నే గౌలిపుర గల్లీ సగం గిన్నెలు పట్టుకుని మా గడపలో నిలబడుతుంది. ఆ పాల వాసనలో కూర్చుని ఆయన ఒట్టి డికాషన్ రెండు గుక్కలు తాగుతాడు.

మా అత్తమ్మ ఆగమ్మ మైసమ్మకు మొక్కింది. కొడుకు మళ్లీ డ్యూటీ ఎక్కేదాకా ఈ ఇంట్లో నీసు పొయ్యి ఎక్కదని. కోడి, చేప, గుడ్డు, ఏదీ. మొక్కూ పత్యమూ ఒకటే మాట మీద ఉన్నాయి కనుక నాకు సులువు.

ఇవాళ పాలు పోస్తూ ఎదురింటి సక్కుబాయితో అంటోంది. "మా పుష్ప పత్యం పెట్టినట్టు డాక్టరు పెండ్లాం గూడ పెట్టది." పెళ్లయి నాలుగేళ్లు. పిల్లలు లేరని తప్ప నా గురించి నలుగురిలో ఒక మాట అనలేదు ఎప్పుడూ. తలుపు వెనక నిలబడి విన్నాను. పని లేకపోయినా ఇంకాసేపు అక్కడే ఉన్నాను.

మార్చి 15

మంగళవారం. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. కొత్త అటెండరు వచ్చి పేషంటు పేరేమిటని అడిగాడు. మొగుడి పేరు నోటితో ఎట్లా చెప్పను? తల దించుకున్నాను. అతను విసుక్కున్నాడు. పక్కన కూర్చున్న ముసలామె "వైకుంఠం, ఆర్టీసీ. ఇసుకుంటవెందుకు, పిల్ల సిగ్గువడుతున్నది" అని చెప్పింది.

ఆమె పేరు మర్యంబీ. బార్కస్ నుంచి వస్తుంది. ఆమె భర్త సాలెం భాయ్‌ది లోపల మా ఆయన పక్క మంచం. వాళ్లకు జామతోట ఉందట. ఆయనకూ కిడ్నీలే, ఆయనకూ మిషనే.

మధ్యాహ్నం ఆమె టిఫిను డబ్బా విప్పింది. ఉడకబెట్టిన గుడ్లు, కోడికూర. లోపలికి తీసుకుపోయి ముసలాయనకు తినిపించి వచ్చింది. మిషన్ మీదున్న మనిషికి! పాపం, వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు అనుకున్నాను. చెబుదామంటే నోరు రాలేదు. నా డబ్బాలో ఉప్పు లేని అన్నం, పిండేసిన సొరకాయ. మూత తీసి ఆమెకు కనిపించేట్టు కాసేపు పెట్టాను.

మార్చి 25

లోపలికి పోయేముందు తూకం మిషన్ మీద నిలబెడతారు. వాకిట్లో నుంచి నాకు ముల్లు కనిపిస్తుంది. మొదటి రోజు ఎక్కడ ఆగిందో ఇవాళా అక్కడే. తగ్గలేదు. మొహం కూడా నిండుగానే ఉంది. కొట్టంలో పేడ తీస్తుంటే ఆ సంగతే గుర్తొచ్చి కాస్త తేలిగ్గా అనిపించింది.

నరం కలిపిన చేతికి గడియారం వద్దన్నారు. కుడి చేతికి మార్చుకున్నాడు. జారిపోతోందంటే సూది కాల్చి తోలు పట్టాకు కొత్త రంధ్రం పొడిచాను. ఎవరికైనా కుడి చెయ్యి కాస్త సన్నంగా ఉంటుందేమో.

ఏప్రిల్ 5

ఇవాళ సాలెం భాయ్ మిషన్ అయిపోయాక లేచి, కుళాయి దాకా తనంతట తాను నడిచిపోయి ముఖం కడుక్కుని వచ్చాడు. గడ్డం మొత్తం తెలుపు. మా ఆయనకు ముప్పయ్యొకటి. గోడ పట్టుకుని, నా భుజం పట్టుకుని, మళ్లీ గోడ పట్టుకుని వచ్చాడు.

డాక్టర్ను ఒక్క మాట అడగాలనిపించింది. మిషన్ పెట్టినాక కూడా అదే పత్యమా అని. వరండాలో నిలబడి మనసులో మాట పేర్చుకున్నాను. డాక్టరు తొందరలో ఉన్నాడు.

ఏప్రిల్ 8

అడగలేదు. చాలా మంది ఉన్నారు.

ఏప్రిల్ 14

ఉగాది. అత్తమ్మ కొత్త కుండలో పచ్చడి కలిపింది. చింతపండు, బెల్లం, మామిడికాయ, ఆయనకు ఏదీ పనికిరాదు. గల్లీలో పిల్లలు గ్లాసులకు గ్లాసులు తాగుతుంటే ఆయన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"యాపపువ్వుకు గూడ పత్యమున్నదా ఏంది?" అన్నాడు.

ఒక చెంచా ఇచ్చాను. చాలాసేపు ఆ చెంచాను నోట్లోనే ఉంచుకున్నాడు. అత్తమ్మ కుండ ఎత్తుకుని లోపలికి పోయింది. ఈసారి సక్కుబాయి ఇంటికి కూడా పచ్చడి పంపలేదు.

ఏప్రిల్ 19

అంగీ ఉతుకుతుంటే జేబులో ఉప్పుగడ్డ దొరికింది. బర్రెల కుడితి తొట్టిలో వేసే ఉప్పు. ఒక మూల నాకి నాకి నున్నగా అయింది.

అత్తమ్మకు చూపించాను. చూపించకుండా ఉండాల్సింది. ఆమె తిట్టింది. ఆయన ఎదురు చెప్పలేదు. ఆమె పోయాక నన్ను చూసి నెమ్మదిగా అన్నాడు. "బర్రెకు పెడ్తవు ఉప్పు. నాకు పెట్టవు."

ఉప్పు తింటే దాహం, నీళ్లు తాగితే ఊపిరి ఆడదు, అది ఆయనకూ తెలుసు. నా మంచికోసమా చెబుతున్నాను? ఉప్పుగడ్డను తొట్టిలో వేసేశాను. మధ్యాహ్నం అన్నం సగం వదిలేశాడు. నాకూ తినబుద్ధి కాలేదు. ఆయన ముందు ఉప్పు వేసుకుని తినలేక నేనూ ఆ కూరే తింటున్నాను. ఇప్పుడు అలవాటైంది.

ఏప్రిల్ 29

గడియారం పట్టాకు ఇంకో రంధ్రం. ఎండకు తోలు సాగుతుంది. నా గాజులు కూడా మోచేతి దాకా జారుతున్నాయి, సబ్బు చేతులు కదా.

ముల్లు మాత్రం అదే చోట.

మే 6

బరువు తగ్గలేదు. మైసమ్మ దయ.

మే 10

ఇవాళ డాక్టరు నా పక్కనుంచే పోయాడు. చెప్పులు కూడా చూశాను, నల్లవి. అడగలేదు.

అడిగితే ఏమంటాడు? ఇదే పత్యం అంటాడు. ఇన్నాళ్లు సరిగ్గా చేసిన దాన్ని, ఇప్పుడు పోయి అడిగితే నవ్వుతాడు. అత్తమ్మ నిన్న తన చెల్లెలికి కూడా నా పత్యం సంగతి చెప్పింది. ఆమె వచ్చి నా చేతి సొరకాయ రుచి చూసి, ఇట్లాంటిది మూడు పూటలా పెట్టడానికి గుండె ఉండాలి అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

మే 17

రాయాలని లేదు. రాస్తాను.

పొద్దున బస్సు ఎక్కేటప్పుడు ఆయన కాలు మెట్టు మీద పెట్టాడు. పైకి లేవలేదు. కాలు అక్కడే ఉంది, మనిషి ఇక్కడే ఉన్నాడు. రెండోసారి కడ్డీ పట్టుకున్నాడు. చెయ్యి జారి రోడ్డు మీద కూర్చుండిపోయాడు. నేను లేపబోతే నేనూ ముందుకు తూలాను.

లోపల కండక్టరు ఆయన డిపో అతనే, ఎల్లప్ప. దిగి వచ్చాడు. "అన్నా, చెయ్యియ్యి" అని చంకల్లో చేతులేసి ఎత్తి మెట్టెక్కించాడు. బస్సులో జనమంతా ఇటే చూశారు. ఏడేళ్లు ఆ మెట్టు మీద వేలాడుతూ, కదులుతున్న బస్సులో దిగుతూ ఎక్కుతూ టికెట్లు కోసిన మనిషి. ఎల్లప్ప ఏదో సరదా మాట అన్నాడు, ఇన్స్పెక్టర్ గురించి. ఆయన నవ్వలేదు. దవాఖాన వచ్చేదాకా కిటికీ వైపే చూశాడు.

దిగేటప్పుడు నాతో ఒక్కమాట అన్నాడు. "బలం ఏడికి పోయిందే పుష్పా? నాకు సమజైతలేదు."

నాకు సమజైందని అనిపించింది. అప్పుడే ఆ ఆలోచన తోసేశాను. శుక్రవారం అడుగుతాను. ఏమన్నా కానీ.

మే 20

అడిగాను.

మలక్‌పేట నుంచి రూతు సిస్టరని ఒకామె కొత్తగా ఈ వార్డుకు వచ్చింది. డాక్టర్ దగ్గరికి పోలేక ఆమె ఎదురుగా నిలబడ్డాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"మల్లోసారి చెప్పమ్మా" అంది.

మళ్లీ చెప్పాను. మిషన్ పెట్టినాక కూడా అదే పత్యమా అని.

ఏం పెడుతున్నావని అడిగింది. పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. సగంలో ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను ఆగితే, చెప్పు చెప్పు అంది. అయిపోయాక ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. చలికాలం నుంచి అన్నాను.

నన్ను లోపలికి తీసుకుపోయింది. ఆయన మంచం పక్కన నిలబెట్టి, ఆయన కాలి ఎముక మీద బొటనవేలు నొక్కి తీసింది. గుంట పడింది. ఆ గుంట అట్లానే ఉంది, పూడలేదు. తడి పిండిలో వేలు పెట్టినట్టు.

"చూసినవా? ఇది ఒళ్లు కాదమ్మా, నీళ్లు. ఒళ్లు కరిగిపోతున్నది, ఆ జాగల నీళ్లు నిండుతున్నయి. అందుకే తూకం అక్కడనే నిలవడుతున్నది."

ఆయన పడుకునే విన్నాడు. "అంటే పాలల్ల నీళ్లు కలిపినట్టు, సిస్టర్. చెంబు నిండుగనే ఉంటది" అన్నాడు. ఆమెకు నవ్వాలో వద్దో తెలియలేదు. పాలవాళ్ల ఇంటి పిల్లాడు, అట్లా తప్ప ఇంకెట్లా అంటాడు.

ఆమె నెమ్మదిగా చెప్పింది. పప్పు, గుడ్డు, మాంసం మానడం మిషన్ లేనప్పుడు. మిషన్ పెట్టినాక అది బంద్. మిషన్ మురికితో పాటు బలాన్ని కూడా గుంజుతుంది, గుంజినంత మళ్లీ పెట్టాలి. గుడ్డు తెల్లసొన రోజూ ఇవ్వాలి, కోడి, చేప ఇవ్వాలి. ఉప్పు వద్దు, నీళ్లు కొలతే, కూరగాయలు ఉడికించి పారబోయడం అట్లాగే. మిగతాది మార్చాలి. "ఇన్నొద్దులు ఎవ్వరు చెప్పలేదా?" అంది. మళ్లీ తనే, "ఎవ్వరు అడగలేదా?" అంది.

అప్పుడు సాలెం భాయ్ మంచం వైపు చూడలేకపోయాను.

మే 21

మార్చి. ఏప్రిల్. మే. అంతకు ముందు రోజులు వేరు, అప్పుడది సరైనదే. ఈ మూడు నెలలు మాత్రం నా చేత్తో పెట్టాను.

అత్తమ్మకు చెప్పలేదు. పొద్దున పాల దగ్గర మళ్లీ అదే మాట అంటోంది, ఎవరో కొత్తామెతో. మా పుష్ప పత్యం. నేను కొట్టంలోకి పోయి బర్రె పక్కన నిలబడ్డాను. చెబితే పత్యం తప్పని తెలుస్తుంది. దాని వెనకే మొక్కు. కొడుకు ప్రాణం ఆ మొక్కు మీద నిలబడి ఉందని ఆమె నమ్మకం. గుడ్డు ఈ ఇంట్లో పొయ్యెక్కదు.

మే 24

మర్యంబీకి చెప్పాను. ఎట్లా చెప్పానో నాకే తెలియదు, సగం తెలుగు, సగం ఏడుపు. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తన ముసలాయనకూ మొదట్లో అట్లాగే గంజి పోసి పోసి పడగొట్టిందట. "గలత్ అందరం చేస్తం బేటీ. ఇంట్ల ఒండలేవు, అంతే గద? నేను తెస్త."

అక్కడికక్కడే డబ్బాలోంచి గుడ్లు తీసి ఇచ్చింది. లోపలికి తీసుకుపోయాను. పచ్చసొన తీసేసి తెల్లది ఇచ్చాను. ఉప్పు లేదు, కారం లేదు. ఆయన కళ్లు మూసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. "ఉప్పు లేకున్నా గుడ్డు గుడ్డేనే" అన్నాడు.

పచ్చసొన నన్ను తినమంది మర్యంబీ. మొక్కు ఇంటికంతటికీ కదా, వద్దన్నాను. ఆయన తినలేదా అంటే తిన్నాడు. అది దవాఖానలో. అది మందు.

జూన్ 10

ఆయన గోడ పట్టుకోకుండా కొట్టం దాకా పోయి వచ్చాడు. రెండుసార్లు ఆగాడు. అయినా పోయి వచ్చాడు.

అత్తమ్మ చూసి దండం పెట్టింది. "మొకంల కళ వచ్చింది. మైసమ్మ కండ్లు తెరిసింది." ఆయన నా వైపు చూశాడు. నేను గిన్నెలు తోముతున్నాను. ఆమె లోపలికి పోయాక, "అమ్మకు చెప్తవా?" అన్నాడు. చెప్పనన్నాను. ఎందుకు, అంతా సాఫీగా నడుస్తోంది. ఆమెకు మొక్కు ఉంది, ఆయనకు గుడ్డు ఉంది.

ఇంట్లో పప్పు కొంచెం మొదలుపెట్టాను, డాక్టరు చెప్పాడని అత్తమ్మకు చెప్పి. చెప్పింది సిస్టరైనా, పూర్తి అబద్ధం కాదు.

జూన్ 17

రంజాన్ నడుస్తోంది. మర్యంబీ రోజా ఉపవాసం ఉండి, పెదవులు ఎండిపోయి, మా ఇద్దరు మగవాళ్లకూ గుడ్లు మోసుకొస్తోంది. సాలెం భాయ్‌కి ఈ ఏడు రోజా ఉండే వీలు లేదు. అది ఆయనకు జబ్బు కన్నా పెద్ద బాధగా ఉంది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మా ఆయన పక్క మంచం మీది నుంచి అన్నాడు. "ఫికర్ చెయ్యకు చాచా. నీళ్లు తాగకుండ ఉండుడు మనకు పన్నెండు నెలల రోజానే."

ముసలాయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. అల్లా ఇది కూడా లెక్కలో రాసుకుంటాడా అని అడిగాడు. రాసుకుంటాడు, నేను టికెట్ కోసి ఇస్తానని ఆయన అన్నాడు.

జూన్ 24

సాలెం భాయ్ మంచం మీద కొత్త దుప్పటి.

బుధవారం ఇంట్లోనే పోయాడట. మిషన్ తప్పు కాదు, గుండె ఆగిందని రూతు సిస్టర్ చెప్పింది. మర్యంబీ ఇక రాదు. వాళ్లలో భర్త పోతే నాలుగు నెలల పైన గడప దాటకూడదట. బల్ల మీద ఆమె కూర్చునే చోట ఇవాళ ఎవరో సంచి పెట్టారు. అది తీసి కింద పెట్టాను. వాళ్లు నన్ను అదోలా చూశారు.

ఆయన సూదులు గుచ్చేటప్పుడు కూడా అటు తిరగలేదు.

జూన్ 28

డబ్బాలో అన్నం, పప్పు కాస్త, సొరకాయ. ఆయన ఏమీ అడగలేదు. తిన్నాడు.

మర్యంబీ ఇంట్లో పోయిన మనిషికి ఏడ్వాలి. నేను ఆమె గుడ్లకు ఏడుస్తున్నాను. ఎంత పాపిష్టిదాన్నో.

జూలై 1

ఇవాళ కూడా సొరకాయ. మెట్టెక్కేటప్పుడు మళ్లీ నా భుజం పట్టుకున్నాడు.

జూలై 2

చెప్పాను.

అత్తమ్మ పాలు పితుకుతోంది. ఎదురుగా నిలబడి చెబితే మాట రాదు, బర్రెకు అటువైపు నిలబడ్డాను. బర్రె మధ్యలో ఉంటే చెప్పగలిగాను. సిస్టర్ చెప్పింది చెప్పాను. మూడు నెలలు నేను పెట్టింది తప్పుడు పత్యమని చెప్పాను. కాలి మీద గుంట సంగతి చెప్పాను. మే నెల నుంచి ఆయన గుడ్డు తింటున్నాడని చెప్పాను. మొహంలో కళ అందుకే వచ్చిందని కూడా. అది చెప్పకపోయినా అయ్యేది. నోరు తెరిచాక ఆగలేదు.

చెంబులో పాల చప్పుడు ఆగింది.

"ఎవ్వరి చేతిది తిన్నడు?"

"బార్కస్ ఆమె చేతిది. ఆమె మొగడు పోయిండు. ఇగ రాదు."

బర్రె తోక ఆడిస్తోంది. అత్తమ్మ దాని పొదుగు వదిలేసి అంది. "నేను గల్లీ గల్లీ చెప్పుకుంట తిరిగిన. నా కోడలు గిట్ల పెడ్తది, గట్ల పెడ్తదని."

"అందుకే అడగలేదు అత్తమ్మా" అన్నాను.

ఆమె లేచి, చెంబు తీసుకుని లోపలికి పోయింది. పాలు సగమే పితికింది. మిగతావి నేను పితికాను. బర్రె నన్ను తన్నబోయింది, నా చేయి దానికి కొత్త.

జూలై 3

మాట్లాడలేదు.

జూలై 5

మాట్లాడలేదు. అత్తమ్మ పాలు పోస్తుంటే ఎవరో పత్యం సంగతి ఎత్తారు. "ఊకోండి" అంది. ఆయన మా ఇద్దరి మధ్య కూర్చుని, "బస్సు రాని స్టేజీల కూసున్నట్టున్నది నాకు" అన్నాడు. నవ్వు రాలేదు ఎవరికీ.

జూలై 10

బోనాలు. వేపాకులు కట్టిన బోనం నెత్తిన పెట్టుకుని అత్తమ్మ ముందు, నేను వెనక. ఆయన రాలేడు, అరుగు మీద నుంచి చూశాడు. డప్పులు, పోతరాజు, జనం. గుడి దగ్గర వరుసలో చాలాసేపు నిలబడ్డాము. బోనం నేను మోస్తానంటే ఇవ్వలేదు.

అమ్మవారి ముందు బోనం దించింది. మామూలుగా పెదవులు మాత్రం కదిలిస్తుంది. ఇవాళ పైకే అంది, పక్కన నిలబడ్డ నాకు వినిపించాలనో, తల్లికి వినిపించాలనో.

"తల్లీ, ముడుపు గట్టింది నేను. ఇంటికి గట్టిన, అది తప్పు. ఇంటి మీద్కెంచి తీసి నా నోటికి గట్టుకుంట. నేను బతికినన్నొద్దులు నీసు ముట్ట. పిలగాన్ని ఇడిసిపెట్టు."

కోడికూర లేనిదే ముద్ద దిగని మనిషి. బోనాల మర్నాడు కూర కోసం ఏడాదంతా చూసే మనిషి.

తిరిగి వచ్చేటప్పుడు జనంలో నా చెయ్యి పట్టుకుంది. తప్పిపోతానని కాబోలు.

జూలై 12

మంగళవారం. నేను పొయ్యి ముట్టించేసరికి ఆమె అప్పటికే బయటికి పోయి వచ్చింది. కొంగు ముడి విప్పి గుడ్లు నా ముందు పెట్టింది. అటు తిరిగి నిలబడింది, ఆ వాసన ఆమెకు ఇక వద్దు. "ఎట్ల ఉడకవెట్టాల్నో నాకు చెప్పకు. నువ్వు పెట్టు."

ఈ ఇంట్లో మళ్లీ నా చేత్తో పెట్టమంది. ఒక గుడ్డు పగిలింది.

తెల్లసొన ఆయన డబ్బాలో సర్దాను. పచ్చసొనలు గిన్నెలో మిగిలాయి. కుక్కకు వేయనా అని అడిగాను.

"కుక్కకెందుకు? నువ్వు తిను" అంది. తినలేదు నేను. ఆమె ఇటు తిరిగి, నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి. "నీ మొకం అద్దంల ఎన్నడన్న చూసుకున్నవా? వాని పత్యం నువ్వు తిన్నవు. ఇద్దరిని సంపుకుంట కూసున్న నేను."

నిలబడే తిన్నాను. పొడిపొడిగా గొంతుకు అడ్డం పడింది. ఆమె నీళ్లు ఇచ్చింది, గ్లాసు నిండా.

రేపో ఎల్లుండో రంజాన్ పండుగ. సేమియాలకు పాలు కావాలని మా గడపలో జనం. పోస్తూ పోస్తూ ఒక క్యాను పక్కన పెట్టింది. ఎల్లప్ప బార్కస్ రూటులో పోతాడు కదా, ఆ ముసలామె ఇంట్లో ఇమ్మని చెప్పమంది. "నీళ్లు కలపలే అని చెప్పు" అంది.

జూలై 29

సూదులు గుచ్చే ముందు తూకం. ముల్లు కిందికి దిగింది. ఒకప్పుడైతే వాకిట్లో ఏడ్చేదాన్ని. నీళ్లు పోతున్నాయి, మంచిదే అంది రూతు సిస్టర్. ఒళ్లు పట్టడం మెల్లగా అవుతుంది, నెలలు పడుతుంది, ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు అని కూడా అంది. పెట్టుకోవడం లేదు. ఆశ పెట్టుకోవడానికి కూడా ఒంట్లో బలం కావాలి.

ఈ జబ్బుతో వచ్చిన ఒంటి దురదలు తగ్గలేదు. దాహం తగ్గలేదు. నిన్న చెంబు ఖాళీ అయ్యాక నా మీద అరిచాడు, తరవాత పిల్లాడిలా పడుకున్నాడు. డిపోలో కూర్చునే పని ఇస్తామన్నారట, ఎప్పుడో తెలియదు.

ఇవాళ బస్సు మెట్టు ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు కానీ బరువు వేయలేదు. సీట్లో కూర్చుని గడియారం చూసుకున్నాడు. పట్టా వెనక్కి, పాత రంధ్రానికి పోలేదు. కానీ ఈ నెలంతా నేను సూది కాల్చలేదు. రాసుకోవడానికి ఇదే ఉంది.

అలిసిపోయాను. ఇక రాయను.

ఇది ఎవరి చేతికైనా వస్తే చదవొద్దు. చదివి ఉంటే ఇంకొకరికి ఇవ్వొద్దు, పొయ్యిలో పెట్టండి. నేనే పెట్టేదాన్ని, అట్ట మీద బస్సు బొమ్మ ఉంది, చెయ్యి రావడం లేదు. ఆ మూడు నెలలు ఆయనకు నేనేం పెట్టానో ఆయనకు తెలుసు, అత్తమ్మకు తెలుసు. ఇద్దరూ నా చేతిదే తింటున్నారు. ఇంకెవరికీ తెలియక్కర్లేదు.